వ్యాప్తి లేదు

ధీః అని వాదం మొదలుపెడుతూ పుతిత్ ఎడమకాలు నేలకేసి కొట్టి, చాచిన అరచేతి మీద రెండో అరచెయ్యి చరిచింది. "విషయం శబ్దం. అది అనిత్యం. పుట్టింది కాబట్టి." రోజూ వినే మాటలే. ఎదురుగా చాప మీద కాళ్ళు ముడుచుకు కూర్చున్న యాంగ్‌డోల్ "ఒప్పుకున్నాను" అంది. అనేశాక గాని తను అన్నట్టు తెలియలేదు, ఎందుకంటే ఆమె చూపు పుతిత్ భుజం మీంచి మఠం ప్రహరీ దాటి, టీ కొట్టు ముందు ఆగిన జీపు మీద ఉంది. జీపుకి చేరబడి స్టోబ్‌దన్ టీ తాగుతున్నాడు. పుతిత్‌కి మేనమామ కొడుకు. కింద మండీలో కూరగాయలు ఎక్కించుకుని, వాళ్ళ సొంత లోయ జంస్కార్‌కి తిరిగి వెళ్తున్నాడు. కనుమ మీద ఇప్పటికే ఒకసారి మంచు పడింది, ఇంకోసారి పడితే దారి మూసేస్తారు, మళ్ళీ ఎండలొచ్చేదాకా ఇటువాళ్ళు ఇటే, అటువాళ్ళు అటే. వాదం ముగిసి గంట కొట్టేలోపల వస్తుందో రాదో చెప్పమన్నాడు పుతిత్‌ని. పుతిత్ ఇంకా చెప్పలేదు. ఆమె బట్టలు ఆరవేసిన తాడు మీదే ఉన్నాయి, పుస్తకాలు గూట్లోనే ఉన్నాయి. అవి అలా ఉండడానికి కారణం నిన్న వంటింట్లో యాంగ్‌డోల్ అన్న ఒక్క మాట.

వ్యాప్తి లేదు. అదీ ఆ మాట. ఈ వాకిట్లో కూర్చున్న మనిషికి ఉన్న జవాబులు మూడే. నిలబడ్డ మనిషి చెప్పింది సరే అనిపిస్తే ఒప్పుకున్నాను అనాలి. చెప్పిన కారణమే అబద్ధమైతే హేతువు నిలవలేదు అనాలి. కారణం నిజమే గాని దాన్నుంచి నువ్వనేది తేలదు అనిపిస్తే వ్యాప్తి లేదు అనాలి. నాలుగోది లేదు, నాలుగోది కావలసి వస్తుందని ఇన్నేళ్ళలో యాంగ్‌డోల్‌కి తోచనూ లేదు. నిన్న ఇద్దరికీ వంటింటి వంతు. టింగ్మో రొట్టెలకి పిండి మడతలు పెడుతూ పుతిత్ తలెత్తకుండా అంది, "అక్క పిల్ల ఎవరి చేత్తో పెట్టినా తినడం లేదంట ఆచే. అందుకని నేను వెళ్ళిపోవాలి." యాంగ్‌డోల్ కూడా తలెత్తలేదు. నోటి చివర సిద్ధంగా ఉన్న మాట దానంతటదే వచ్చేసింది, "వ్యాప్తి లేదు" అని. పుతిత్ చేతులు ఆగాయి. "లేదా?" అంది. "లేదు నోమో. పిల్ల తినడం లేదు, సరే, ఒప్పుకున్నాను. తినని పిల్లలందరికీ పిన్నులు సన్యాసం వదిలేసి వచ్చి తినిపిస్తున్నారా? నాయనమ్మ లేదూ? మేనత్త లేదూ?" పుతిత్ కాసేపు ఆలోచించింది. ఆలోచిస్తున్నప్పుడు కింది పెదవి లోపలికి లాక్కునే అలవాటు ఆమెకి. "నిజమే" అంది చివరికి, "లేదు. నువ్వు లేదంటే లేనట్టే. నాకు ఎప్పుడు కుదిరి చచ్చింది గనక." తర్వాత ఇద్దరూ టింగ్మోలు ఆవిరికి పెట్టారు. ఆ తర్వాత ఇప్పటిదాకా, ఈ శబ్దం అనిత్యం తప్ప, వాళ్ళ మధ్య మాట లేదు.

పుట్టినవన్నీ అనిత్యాలా, అంటోంది పుతిత్. ఒప్పుకున్నాను. మొక్క? ఒప్పుకున్నాను. చుట్టూ జంటలు జంటలుగా అందరూ అరుస్తున్నారు, చప్పట్లు రేకు మీద వడగళ్ళలా పడుతున్నాయి, అయినా ఈ గోలలో యాంగ్‌డోల్‌కి పుతిత్ చప్పట్లు విడిగా వినిపిస్తాయి, ఎడమ చెయ్యి కొంచెం తడిగా ఉంటుంది కాబోలు, ఆ చప్పుడే వేరు. పుతిత్‌కి కుదరకపోవడం మొదటి పాఠం నుంచీ ఉంది. అప్పుడు ఇద్దరికీ నెత్తి మీద వెంట్రుకలు తీసి వారం కాలేదు, ఇద్దరి చెవులూ బయటికి పొడుచుకొచ్చి కోతిపిల్లల్లా ఉన్నారు. పాఠం చెప్పే గురువు గెన్-లా వచ్చి కూర్చుని, పిల్లలందరికీ వేసే ప్రశ్నే వేశారు. తెల్ల గుర్రం తెలుపా? పుతిత్ అందరికన్నా ముందు ఒప్పుకున్నాను అని అరిచింది. గెన్-లా మెల్లగా, "గుర్రం ప్రాణమా, రంగా?" అన్నారు. ప్రాణమే లా. "ప్రాణం రంగవుతుందా?" అవదు లా. "మరి గుర్రం తెలుపెలా అయింది తల్లీ?" యాంగ్‌డోల్‌కి వెంటనే అర్థమైంది, ఒళ్ళు జలదరించింది కూడా, ఇన్నాళ్ళూ చూసిన లోకం మీంచి ఎవరో దుప్పటి లాగేసినట్టనిపించింది. పుతిత్ మాత్రం లేచి నిలబడి, "మా ఇంట్లో ఉంది గెన్-లా. తెలుపే. నేనే తోమేదాన్ని. బురదలో పొర్లితే తప్ప తెలుపే" అంది. వాకిలి వాకిలంతా నవ్వింది. గెన్-లా నవ్వీ నవ్వీ పైపంచెతో కళ్ళు తుడుచుకుని, "గుర్రానికి తెలుపు ఉంది పిల్లా, గుర్రం తెలుపు కాదు" అన్నారు. సాయంత్రం కుళాయి దగ్గర పుతిత్ యాంగ్‌డోల్ చెవిలో, "నువ్వు చూళ్ళేదు గాని ఆచే, తెలుపే" అంది. ఆ రోజు నుంచే పుతిత్ ఆచే, అక్కా అనడం, యాంగ్‌డోల్ నోమో, చెల్లీ అనడం. ఒకే లోయ వాళ్ళు, నదికి అటూ ఇటూ ఊళ్ళు, యాంగ్‌డోల్ ఏడాది పెద్ద, అంతే చుట్టరికం. పేరు మీద కూడా ఏడిపించేవాళ్ళు. పుతిత్ అంటే కొడుకుని వెంటబెట్టుకు రా అని. ఇంట్లో వరసగా ఆడపిల్లలు పుడితే పెట్టే పేరు. ఈమె తర్వాత కూడా ఆడపిల్లే పుట్టింది. పెద్ద సన్యాసినులు దారికాచి, "నీ పేరు పుతిత్ కాబట్టి నీకు తమ్ముడున్నాడు" అనేవాళ్ళు, పుతిత్ ముఖం మాడ్చుకుని "వ్యాప్తి లేదు" అనేది. దీక్షలో మంచి పేరు పెట్టారు గాని ఎవరికీ అది నోరు తిరగదు. పుతిత్ అన్న పేరు అర్థం ఒక కోరిక. దానికి నిజం అబద్ధం ఎక్కడివి. నాన్న ఆ పిల్లని అలా పిలిచినప్పుడల్లా ఇంకెవరినో పిలుస్తున్నాడు, అయినా పలికింది ఈమే.

చిర్, చిర్, అంటోంది పక్క జంటలోంచి ఎవరో, జవాబు ఆలస్యమైతే తొందరపెట్టే మాట, తనని కాదు, అటు ఎవరినో. చాప కింద రాయి చల్లగా ఎక్కుతోంది. విషయం చోట ఏం పెట్టినా గొలుసు గొలుసే అని చెప్పినవాళ్ళు కూడా గెన్-లాయే. శబ్దం తీసి కుండ పెట్టు, కుండ తీసి స్తంభం పెట్టు, పుట్టిందైతే చాలు, పోతుంది. ఏం పెట్టావన్నది గొలుసుకి పట్టదు. ఆ మాట విన్న రోజున వాళ్ళకి ఆట దొరికింది. విషయం రాత్రి తాగే తుక్పా, అది అనిత్యం. విషయం వంటామె కోపం, అది అనిత్యం, హేతువు నిలవలేదు, పుట్టలేదు, ఎప్పుడూ ఉన్నదే. విషయం గెన్-లా ముక్కు, అది అనిత్యం, పుట్టింది కాబట్టి, అని పుతిత్ చప్పట్లు చరిచేసరికి తలుపు వెనకనుంచి "ఒప్పుకున్నాను" అని గెన్-లా గొంతు వినిపించింది. ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన ఇంకేమీ అనకుండా కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయారు. అప్పటికి ఆ ముక్కు ఇంకా బాగానే ఉండేది, ఇప్పుడు చలికి కారుతూ ఉంటుంది, తుడుచుకోవడం మర్చిపోతారు. మొన్న వేసవిలో జంస్కార్ నుంచి ఫోనొచ్చింది, పుతిత్ అక్క కున్‌జెస్ జ్వరమొచ్చి పోయిందని, నడకైనా సరిగ్గా రాని పిల్లని వదిలేసి. పుతిత్ ఏడవలేదు. సాయంత్రం మామూలుగానే ఈ వాకిట్లోకి వచ్చింది, అప్పుడు కూర్చున్నది పుతిత్, నిలబడ్డది యాంగ్‌డోల్. ఏ విషయం మీద మొదలుపెడదాం అని యాంగ్‌డోల్ అడిగితే, కూర్చున్న పుతిత్ తనే అందుకుంది, చాలా మెల్లగా. "విషయం కున్‌జెస్. ఆమె అనిత్యం. పుట్టింది కాబట్టి." "పొద్దున్నుంచి అనుకుంటున్నా ఆచే, ఒప్పుకున్నాను అనలేకపోతున్నా. హేతువు నిలిచింది. వ్యాప్తి ఉంది. ఎక్కడ తప్పింది?" అంది. ఎక్కడా తప్పలేదు. యాంగ్‌డోల్ అదే చెప్పింది, ఎక్కడా తప్పలేదు నోమో అని, అది ఓదార్పు అనుకునే చెప్పింది. శబ్దం పెట్టినా కున్‌జెస్‌ని పెట్టినా గొలుసులో ఒక్క కొక్కెం మారలేదు. మారింది ఏమిటో చెప్పడానికి ఆ గొలుసులో చోటు లేదు. మనిషి పేరు పెట్టాక ఆ వాక్యం తర్కానికి ఎంత బరువో అంతే బరువు, పుతిత్‌కి మాత్రం లేవలేనంత బరువు. అది తెలిసి కూడా తను ఆ రోజు చెయ్యి పట్టుకోలేదు. చప్పట్లు చరిచింది.

"శబ్దం చెవికి అందేదా?" ఒప్పుకున్నాను. "చెవికి అందేదల్లా పుట్టిందేనా?" ఒప్పుకున్నాను. "వినబడనంతసేపు శబ్దం లేదా?" ఒప్పుకున్నాను, అంది యాంగ్‌డోల్, అనగానే నాలుక కరుచుకుంది. తప్పు జవాబు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా ఇక్కడ పడదు. పుతిత్ ఇప్పుడు త్సా అని అరవాలి, దొరికావు అని, తల చుట్టూ మూడుసార్లు చెయ్యి తిప్పి వాకిలంతా వినబడేలా అరవాలి, ఇన్నేళ్ళలో యాంగ్‌డోల్‌ని అలా పట్టుకునే అదృష్టం ఆమెకి దక్కింది ఎన్నడని. పుతిత్ అరవలేదు. విననట్టు తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. ఆమె కూడా ఇక్కడ లేదన్నమాట. తను తప్పు చెప్పినా పుతిత్ పట్టుకోలేదంటే, తను చెప్పింది తప్పో ఒప్పో చూడడం మానేసిందంటే, నిన్న వంటింట్లో ఒప్పుకున్నది కూడా చూడకుండానే ఒప్పుకుంది.

నిన్నటి జవాబు సరైనదే. ఎన్నిసార్లు తిరగేసినా సరైనదే, వచ్చిన చిక్కే అది. ఎవరైనా వచ్చి నీ జవాబు తప్పు అంటే బాగుండును, బయటపడవచ్చు. పిల్ల తినకపోవడం నుంచి పిన్ని వెళ్ళడం తేలదు. కాని పుతిత్ తేల్చడానికి వచ్చిందా? చేతులకి పిండితో, తలెత్తకుండా, ఎవరైనా రుజువు తీసుకొస్తారా? 'అందుకని' అంది. ఆ 'అందుకని', ఈ వాకిట్లో అనే 'కాబట్టి' ఒకటి కాదు. వాళ్ళ భాషలో మాటకి అర్థాన్నీ పనికి ప్రయోజనాన్నీ ఒకే మాటతో అంటారు, దోన్ అని. వాక్యం చెప్పగానే గొలుసు వెతక్కు, ముందు దోన్ అడుగు, ఎందుకన్నారో అడుగు, లేకపోతే ఎవరూ అనని మాటని గెలిచి ఇంటికొస్తావు, అనేవారు గెన్-లా. యాంగ్‌డోల్ చిన్నపిల్లలకి అదే పాఠం చెప్తుంది కూడా. మరి పుతిత్ ఎందుకంది? సెలవు అడగడానికా, ఆపమనడానికా, ఊరికే పక్కన ఒక మనిషి ఉందని చెప్పుకోవడానికా? అడగలేదు. అడగకపోగా తనెందుకు అంది? వచ్చే ఏడు పెద్ద పరీక్షలు, ఇద్దరూ జంటగా చదివారు, జంట విరిగితే ఎలా, అని రాత్రంతా తనకి తను సర్దిచెప్పుకుంది. హేతువు నిలవలేదు. పరీక్షకి ఎవరితోనైనా కూర్చోవచ్చు, పుతిత్‌కన్నా బాగా వాదించేవాళ్ళు పదిమంది ఉన్నారు. పరీక్ష కాదు. చలికాలం పొద్దున్నే పక్క మంచం మీంచి వినిపించే దగ్గు, టీలో వెన్న ఎక్కువైందని సణుగుడు, తెలుపే ఆచే నువ్వు చూళ్ళేదు అన్న మొండితనం, అవి లేని గది. పోవద్దు అనడానికి నోరు రాలేదు. సన్యాసినికి ఉండకూడని పట్టు అది, అందరి ముందూ మమకారం గురించి పాఠం చెప్పే మనిషికి ఇంకా ఉండకూడదు. అందుకని పోవద్దు అన్న మాటకి వ్యాప్తి లేదు అని బట్ట కట్టింది. సరైన జవాబుని ఎవరూ విప్పి చూడరు కదా.

ఎండ ప్రహరీ ఎక్కేసింది. స్టోబ్‌దన్ గ్లాసు కొట్టులో ఇచ్చేసి, జీపు చుట్టూ తిరుగుతూ టైర్లు తన్ని చూస్తున్నాడు. జంటల మధ్యనుంచి గెన్-లా కర్ర ఊతంగా నడుచుకుంటూ ఇటే వస్తున్నారు, ఒక్కొక్కరి దగ్గరా కాసేపు ఆగి, విని, ముక్కు ఎగబీల్చి కదులుతున్నారు. పుతిత్ కూడా ప్రహరీ వైపు ఒకసారి చూసింది. తిరిగింది. జపమాల భుజం దాకా లాక్కుంది. ధీః.

"విషయం పుతిత్," అంది. "ఆమె వెళ్ళనక్కర్లేదు. వెళ్ళాలనడానికి ఆమె చెప్పిన హేతువుకి వ్యాప్తి లేదు కాబట్టి."

చెయ్యి పైకి లేచి గాల్లో ఉండిపోయింది. నిన్న యాంగ్‌డోల్ అన్న మాట, ఆ మాటే, తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టింది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత శుభ్రంగా కట్టింది వాక్యం. ఇప్పుడు ఒప్పుకున్నాను అంటే చాలు. నిన్న అన్నదానికే ఇవాళ ఔనన్నట్టు. జీపు కూరగాయలతో వెళ్ళిపోతుంది, మంచు పడుతుంది, దారి మూసేస్తారు, గదిలో రెండు మంచాలూ ఉంటాయి. పుతిత్ నిలబడింది, కింది పెదవి లోపలికి లాక్కుని. ఏం వినాలనుకుంటోందో ముఖంలో దొరకడం లేదు, ఇన్నేళ్ళు ఆ ముఖాన్నే చదువుతూ వచ్చినా. కాని తేలదు. ఇది కూడా తేలదు. కాకి వాలింది కాబట్టి అది మా ఇల్లు అన్నాడొకడు, వ్యాప్తి లేదన్నారు, అంతమాత్రాన అది వాడి ఇల్లు కాకుండా పోయిందా, అని మొదటి నెలలోనే చెప్తారు పిల్లలకి. రుజువు కూలిందని విషయం కూలదు. పుతిత్ చెప్పిన కారణం చాలదు, అంతే, వెళ్ళనక్కర్లేదని ఎవరూ రుజువు చెయ్యలేదు. నిన్న వంటింట్లో ఆ సంగతి యాంగ్‌డోల్‌కి తెలియక కాదు. చెప్పలేదు. కాకి కథ చెప్పి ఉంటే పుతిత్ అప్పుడే లేచి బట్టలు సర్దుకునేది.

చిర్, చిర్, అంది పక్క జంట, ఈసారి తనని. వెనక కర్ర చప్పుడు ఆగింది. ఒప్పుకున్నాను అంటే తప్పు జవాబని గెన్-లాకి తెలుస్తుంది, ఆ తప్పు ఎందుకో మాత్రం తెలియదు. పుతిత్‌కి తప్పని కూడా తెలియదు, లేదా తెలిసినా పట్టుకోదు, ఇందాక పట్టుకోలేదుగా. ఉండిపోతుంది. కనుమ అవతల ఇంట్లో పిల్ల, ఎవరి చెయ్యి ముందుకొచ్చినా నోరు బిగించుకునే పిల్ల. చూడని ఆ పిల్ల నోరు యాంగ్‌డోల్‌కి కనబడింది, పెదవి లోపలికి లాక్కుని. ఆ పిల్ల హేతువు కాదు. దేనికీ రుజువు కాదు. ఆకలేసి కూర్చుంది.

"వ్యాప్తి లేదు," అంది యాంగ్‌డోల్.

నిన్నటి మాటే, అక్షరం తేడా లేదు. ఈసారి మాత్రం తలెత్తి, పుతిత్ ముఖంలోకి చూసి అంది. వెనకనుంచి గెన్-లా "ఊఁ" అన్నారు, సరైన జవాబుకి ఆయన అంతకన్నా ఎప్పుడూ అనరు, కర్ర టకటకలాడించుకుంటూ ముందుకి వెళ్ళిపోయారు. గాల్లో ఉన్న పుతిత్ చెయ్యి చప్పట్లు చరచకుండానే కిందికి దిగింది. ఆమెకి అర్థమైంది. నెమ్మదిగా అర్థమవడం ఆమెకి అలవాటే, కాని అయ్యాక ఆమె ముఖం మొత్తం దానికి ఇచ్చేస్తుంది, ఇప్పుడూ ఇచ్చేసింది. ఇక్కడితో నిజానికి వాదం అయిపోయింది. యాంగ్‌డోల్ లేచి వెళ్ళిపోవచ్చు, జవాబు సరైనది, మనసూ సరైన పనే చేసింది, మర్యాదగా ఉంటుంది.

"నువ్వు లేకుండా నేనుండలేను నోమో," అంది.

"అది హేతువా?" అంది పుతిత్.

"కాదు. దాన్నుంచి ఏమీ తేలదు. ఊరికే చెప్తున్నా."

నిలబడ్డ మనిషి కూర్చోకూడదు ఈ వాకిట్లో. పుతిత్ కూర్చుంది, చాప మీద కాదు, ఎదురుగా రాతి మీద, మోకాళ్ళు యాంగ్‌డోల్ మోకాళ్ళకి తగిలేలా.

"నిన్న ఈ మాట వినడానికే అలా అన్నాను ఆచే."

"అనుంటే ఉండిపోయేదానివా?"

"లేదు." పుతిత్ చప్పట్లకి కందిన చేతులతో ముఖం తుడుచుకుంది, తుడుచుకున్నచోటే మళ్ళీ తడిసింది. "అనుంటే నిన్ననే ధైర్యంగా బయల్దేరేదాన్ని. ఇవాళ బయల్దేరతాను."

గంట కొట్టారు. చుట్టూ చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వాళ్ళిద్దరూ అలాగే కూర్చుని ఏడ్చారు.